ఏడో బీటు కట్ట

ఆ తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే హాలు గోడ పొడుగునా ఇనప గూళ్ళు ఉన్నాయి. ఒక్కో గూడు ఒక్కో బీటుది, అంటే ఒక్కో పోస్ట్‌మ్యాన్ రోజూ తిరిగే వీధులది. గూళ్ళు పధ్నాలుగు. బీట్లు ఇప్పుడు తొమ్మిదే. మిగతా అయిదింటికీ నంబరు చీటీలు గోకేసి వదిలేశారు. మనుషుల్ని తీసేసినంత సులువుగా ఇనుమును తీసెయ్యడం కుదరదు మరి.

ఈ కోతకు పెద్దలు పెట్టిన పేరు పునర్వ్యవస్థీకరణ. నోరు తిరగని పేరైతే అర్థం అడిగేవాళ్ళు తగ్గుతారని కాబోలు. దాన్ని నడిపించడానికి పై ఆఫీసు నుంచి ఒకాయన దిగాడు. ఏది చెప్పినా “ఎన్ని నిమిషాలు?” అని అడుగుతాడు గనక హాలంతా కలిసి ఆయనకి కొలతలాయన అని పేరు పెట్టుకున్నారు. చెడ్డవాడని అనడానికి లేదు. టీ తాగిన కప్పు తనే కడుక్కుంటాడు, ఎవర్నీ ఏకవచనంతో పిలవడు. అలాంటి మనిషి చేతిలో ఉద్యోగం పోతే కనీసం తిట్టుకోవడానికి కూడా ఉండదు, అదో బాధ.

అయితే బీట్లు కొలిచింది ఆయన కాదు. కొలిచింది ఉదయం షిఫ్టు సూపర్‌వైజరు. పందొమ్మిదో ఏట ఆ హాల్లో చేరి, ఇరవై నాలుగేళ్ళు అక్కడే నిలబడి నిలబడి సూపర్‌వైజరమ్మ అయిన మనిషి. ఏ వీధి ఎక్కడ తిరుగుతుందో, ఏ ఇంటికి వెనకగుమ్మం ఉందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే స్టాప్‌వాచి ఆమె చేతికే ఇచ్చారు. కాగితం మీద గడులు కూడా ఆమే గీసింది. నడక సమయం, పని సమయం, ఖాళీ సమయం. ఖాళీ సమయం ఎక్కువున్న అయిదు బీట్లు ఎగిరిపోయాయి. వాటిలో ఏడో బీటు ఒకటి.

ఏడో బీటు పోస్ట్‌మ్యాన్‌ని అందరూ పదింబావు బాబాయ్ అనేవారు. పదింబావయ్యేసరికి మెట్ల వీధి మలుపులో ఆయన టోపీ కనబడి తీరాలి. కనబడకపోతే ఆ వీధివాళ్ళు ముందు తమ గడియారాల్ని అనుమానించేవారు. సూపర్‌వైజరమ్మకి పని నేర్పింది ఆయనే. “చిరునామా చదవకమ్మా, చూడు చాలు. చెయ్యి దానంతటదే పోతుంది” అని నేర్పాడు. ఆమె తనకి పైఅధికారి అయ్యాక కూడా చిన్నపిల్లా అనే పిలిచేవాడు, అదీ అందరి ముందూ.

ఆయన నేర్పినవాటిలో ఆమెకి పట్టుబడనిది ఒక్కటే, ఆయన వేసే ముడి. కట్ట చుట్టూ పురికొస తిప్పి, చివర్న ఎడంపక్క బొటనవేలు పట్టేంత ఉచ్చు వదిలేవాడు. ఎంత ఊపినా అది జారదు. బొటనవేలితో ఒక్క లాగు లాగితే కట్టంతా విడిపోతుంది. రెండో చేతిలో గొడుగున్నా సంచి ఉన్నా ఇబ్బంది లేదు. “ఇంకోసారి చూపించు బాబాయ్” అని ఆమె ఏళ్ళ తరబడి అడిగింది. “నీ వేళ్ళకి తొందరెక్కువ చిన్నపిల్లా” అని నవ్వేవాడు.

కొలిచిన రోజున ఆయన వెనకాలే స్టాప్‌వాచి పట్టుకుని నడిచింది. మెట్ల వీధి ఇరవై రెండో నంబరు దాకా అంతా బాగానే జరిగింది. ఆ ఇంటికి పధ్నాలుగు మెట్లు. “నువ్వు కిందే ఉండమ్మా, మోకాళ్ళు పాడైపోతాయి” అని ఆయనొక్కడే ఎక్కి, తలుపు మూడుసార్లు కొట్టి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. గోడకి ఆనుకోలేదు, టోపీ తియ్యలేదు. కింద ఈవిడ చేతిలో స్టాప్‌వాచి తిరుగుతూనే ఉంది. పదకొండు నిమిషాలకి ఏదో అందించి దిగొచ్చాడు.

“ఎందుకాగావు బాబాయ్?”

“ఊరికే.”

“ఊరికేనా? అలాగే రాసుకోనా?”

“రాసుకో.”

ఆమె రాసుకుంది. పదకొండు నిమిషాలూ ఖాళీ సమయం గడిలో పడ్డాయి. ఆ పదకొండే లేకపోతే ఏడో బీటు మిగిలేది. ఊరికే ఆగే మనిషి కాదాయన, అది ఆమెకి తెలుసు. తెలిసి కూడా మూడోసారి అడగలేదు.

ఉద్యోగం పోయిన నలభయ్యో రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ బాబాయ్ కుర్చీలోనే పోయాడు. ఒక బూటుకి ముడి వేసి ఉంది, రెండోదానికి లేదు. చూడ్డానికి వెళ్తే పిన్ని, అంటే ఆయన భార్య, ఏడవకుండా చెప్పింది. “రోజూ వేసుకునేవాడమ్మా. వేసుకుని కుర్చీలో కూర్చునేవాడు. పదింబావు దాటాక విప్పేవాడు.” పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు తాగి సూపర్‌వైజరమ్మ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసింది.

ఆ మర్నాడే కొలతలాయన రెండో విడత కబురు చెప్పాడు. ఇద్దరు సూపర్‌వైజర్లు ఎక్కువ, ఒకరు చాలు. ఉదయం షిఫ్టా, మధ్యాహ్నం షిఫ్టా అన్నది నెలాఖరుకి తేలుతుంది. “మీకేం మేడమ్, మీ కాగితాల్లో ఖాళీ సమయం అనేదే లేదు” అని ధైర్యం కూడా చెప్పాడు. ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. భర్త బస్సు డ్రైవరు, నడుం పట్టేసి ఏడాదిగా సగం రోజులు సెలవులోనే ఉంటున్నాడు. కూతురు నర్సు చదువు రెండో ఏట్లో ఉంది.

ఇక గూళ్ళ సంగతి. ఇది ఆ హాల్లోవాళ్ళు తప్ప బయటివాళ్ళు చెయ్యలేని పొరపాటు. కొత్త లెక్క ప్రకారం ఏడో బీటు వీధుల్లో సగం ఆరో బీటుకి, సగం ఎనిమిదో బీటుకి వెళ్ళాలి. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు కళ్ళ మాట వినదు కదా. మెట్ల వీధి అని కంటపడగానే చెయ్యి ఏడో గూట్లోకే విసిరేస్తుంది. ఒకరూ ఇద్దరూ కాదు, అందరి చేతులూ అంతే. షిఫ్టు చివర్న ఆ చీటీ లేని గూట్లోంచి ఉత్తరాలు ఏరి ఆరుకీ ఎనిమిదికీ పంచడం ఒక పనైపోయింది. మొదట్లో నవ్వుకునేవారు. బాబాయ్ పోయాక నవ్వడం మానేశారు.

సోమవారం పొద్దున సూపర్‌వైజరమ్మ వచ్చేసరికి ఏడో గూట్లో ఒక కట్ట ఉంది. పురికొసతో కట్టి, ఎడంపక్క బొటనవేలు పట్టేంత ఉచ్చు.

ఆమె ఎవరో ఏడిపిస్తున్నారనుకుని, అందరికంటే ముందొచ్చి ఉత్తరాలు వేరుచేసే సార్టర్‌ని, కళ్ళజోడు అని పిలిచే పెద్దాయన్ని, నిలదీసింది.

“ఈ వేళాకోళం ఎవరిది?”

కళ్ళజోడు కట్టని చూశాడు. ముట్టుకోలేదు.

“మనలో ఎవరికొచ్చు మేడమ్ ఆ ముడి?” అన్నాడు.

ఆమె కట్ట విప్పి చూసింది. ఉత్తరాలు ఇంటి నంబర్ల వరసలో లేవు. మెషినైతే ఒకటి, రెండు, మూడు అని పేరుస్తుంది. ఇది కాళ్ళ వరస. తొమ్మిదో నంబరు ముందు, తర్వాత సందులోంచి ముప్ఫై ఒకటి, ఆపైన వెనకగుమ్మం ఇల్లు. ఎక్కిన మెట్టు రెండోసారి ఎక్కనక్కర్లేకుండా బాబాయ్ ఇరవై ఆరేళ్ళలో చేసుకున్న వరస. వాటిని ఆరుకీ ఎనిమిదికీ పంచేసింది.

మంగళవారం మళ్ళీ కట్ట. అదే ముడి. ఈసారి ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఆమె వైపు చూడలేదు. హాల్లో ఉత్తరాలు గూట్లో పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. చూపుడువేలి మీద సన్నగా, ఎర్రగా ఓ గీత.

“ఇదేంటి, తాడు కోసుకుపోయినట్టుంది?”

“ఏమో, చూసుకోలేదు.”

“చూసుకునే తీరికెక్కడిదిలే నీకు. డ్యూటీ ఆరింటికైతే ఐదింటికే పోతున్నావు. ఉద్యోగం ఉంచమని ఆ గూళ్ళకి దండాలు పెడుతున్నావా ఏంటి?”

“ఐదింటికా? నేను వెళ్ళేది ఐదున్నరకి కదా.”

“సరిపోయింది. నిన్నా ఇవాళా అలారం మోగకముందే లేచావు. ఎక్కడికే అంటే పలకవు. నేనే కదా తలుపేసుకుంది.”

అతను హాస్యానికన్నాడు గానీ ఆమె కత్తి పక్కన పెట్టేసింది. ఐదున్నరకి ఇంటి గేటు దాటినట్టు ఆమెకి గుర్తు. ఆ మిగతా అరగంట ఎక్కడుందో ఎంత ఆలోచించినా దొరకలేదు. పోనీ, ఆ కట్టలు తనే కట్టిందనుకుందాం. ఆ ముడి తనకి రాదే! అన్నం తిన్నాక వంటింట్లో పురికొస తీసుకుని పాత న్యూస్‌పేపర్లకి చుట్టి చూసింది. ఏడుసార్లు ప్రయత్నిస్తే ఏడుసార్లూ జారిపోయింది. నాకు భయంగా ఉంది అని భర్తకి చెప్దామనుకుంది. చెప్పలేదు.

బుధవారం కట్ట పైన ఒక రిజిస్టర్డు కవరు ఉంది.

రిజిస్టర్డువి గూళ్ళలో ఉండవు. ఇనప వల బిగించిన జాలీ గదిలో, తాళంలో ఉంటాయి. తాళంచెవి ఉదయం షిఫ్టంతా ఆమె మెడలోనే ఉంటుంది. చెయ్యి పెట్టి చూసుకుంది, ఉంది.

కవరు ఆసుపత్రి నుంచి వచ్చింది. మెట్ల వీధి, ఇరవై రెండో నంబరు. వెనకాల రెండు ముద్రలు, రెండుసార్లూ ‘తలుపు తీయలేదు’. కొత్త నియమం ప్రకారం తలుపు కొట్టాక పోస్ట్‌మ్యాన్ తొంభై సెకన్లు చూడాలి. మూడుసార్లు తియ్యకపోతే ఉత్తరం పంపినవాళ్ళకి తిరిగిపోతుంది. పైగా ఆ ఇల్లు కౌంటరు జాబితాలోకి ఎక్కుతుంది, అంటే ఇక ఏ ఉత్తరమైనా ఆ ఇంటివాళ్ళే ఆఫీసుకొచ్చి తీసుకోవాలి. మూడోసారి ఇవాళే. మధ్యాహ్నం రెండింటికి ఎనిమిదో బీటతను వెళ్తాడు.

పదకొండు నిమిషాల ఇల్లు అదే. ఆమె ఆ కవరు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత చార్జింగులోంచి పోస్ట్‌మ్యాన్లు వెంట తీసుకెళ్ళే చేతియంత్రం ఒకటి తీసి నడుముకి తగిలించుకుంది.

“హాలు చూసుకోండి. నేను ఏడుకి వెళ్ళొస్తా” అంది కళ్ళజోడుతో.

ఏడు అనేది లేదు మేడమ్ అని ఆయన అనలేదు. బాబాయ్ పాత సంచి ఇంకా కొక్కేనికే ఉంటే తీసిచ్చాడు.

మెట్ల వీధి మొదట్లో ఉచ్చులో బొటనవేలు పెట్టి లాగింది. ఒక్క లాగుకి విడిపోయింది. పురికొస జేబులో వేసుకుంది. కట్ట ఎలా చెబితే అలా నడిచింది. తొమ్మిది, సందు, ముప్ఫై ఒకటి, వెనకగుమ్మం. తన కాళ్ళు తనకంటే ముందే మలుపులు తిరుగుతున్నాయి. వెనక ఎవరో నడుస్తున్నట్టు రెండుసార్లు అనిపించింది. తిరిగి చూడాలనిపించలేదు, ఎందుకంటే ఎవరూ లేరని తెలిసిపోతే ఇంకా కష్టంగా ఉంటుంది. ఇరవై రెండో నంబరు మెట్లెక్కి పైకి చేరి యంత్రం చూస్తే పదింబావు.

మూడుసార్లు కొట్టింది. చప్పుడు లేదు.

తొంభై సెకన్లకి యంత్రం కీచుమంది. ‘తలుపు తీయలేదు’ అన్న మీట వెలిగింది. ఆమె నొక్కలేదు.

అప్పుడు వినబడింది. ఇంటి లోపల ఎక్కడో దూరంగా, ఏదో ఇనప కాలు నేల మీద జరిగిన చప్పుడు. ఆగింది. మళ్ళీ జరిగింది, మళ్ళీ ఆగింది. మధ్యలో పెద్దగా ఊపిరి తీసుకున్న చప్పుడు. కింద మెట్ల దగ్గర నిలబడితే ఇదేమీ వినబడదు.

“వస్తున్నా” అంది లోపల్నుంచి ఓ ముసలి గొంతు. “వెళ్ళిపోకు.”

“వెళ్ళనమ్మా. నిదానంగా రండి.”

అయిదు నిమిషాలకి యంత్రం మళ్ళీ కీచుమంది. ‘కదలిక లేదు. కారణం ఎంచుకోండి.’ ట్రాఫిక్, వాహనం మరమ్మతు, విశ్రాంతి. ఆ జాబితా చూసి బాగుందని సంతకం పెట్టిన కమిటీలో తనూ ఉంది. వేచి ఉండటం అన్న మాట అందులో ఎవరికీ తట్టలేదు. ఆమె యంత్రాన్ని సంచిలో పడేసింది. తలుపు ముందు రాతిపలక మీద ఒకచోట నునుపుగా అరిగి ఉంది, సరిగ్గా రెండు పాదాల మేర. తన పాదాలు ఆ అరుగుదలలోనే ఉన్నాయని చూసుకుని పక్కకి జరగబోయింది. జరగలేకపోయింది. అక్కడే నిలబడి ఏడ్చింది.

పదకొండో నిమిషానికి తలుపు తెరుచుకుంది. నాలుగు కాళ్ళ నడక ఊతాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక ముసలావిడ. ఒకప్పుడు బట్టలు కుట్టిన మనిషని మెడలో ఇంకా వేలాడుతున్న కొలత టేపు చెబుతోంది.

“ఆయనేడీ?” అంది.

“ఆయన పోయారమ్మా. పది రోజులైంది.”

ముసలావిడ గుమ్మం అవతల మెట్ల వైపు చూసింది.

“మరి మొన్నా నిన్నా ఈ వేళకి తలుపు కొట్టిందెవరు? మూడుసార్లు, ఆయన కొట్టినట్టే. వస్తున్నా అంటే, నేనిక్కడే ఉన్నాలే అన్నాడు కూడా. తీరా తీస్తే ఎవరూ లేరు.”

ఎనిమిదో బీటతను పదింబావుకి రాడు. వచ్చినా నేనిక్కడే ఉన్నాలే అనడు. సూపర్‌వైజరమ్మ ఆ సంగతి చెప్పలేదు.

“మధ్యాహ్నం పూట మాత్రం చీటీలేస్తున్నారు. అవిగో” అంది ముసలావిడ. తలుపు వెనక నేల మీద రెండు చీటీలు పడున్నాయి. “వంగలేను. ఏం రాశారో ఏమో.”

సూపర్‌వైజరమ్మే వంగి చీటీలు తీసింది. కవరు అందించి సంతకం చేయించుకుంది. విప్పి చదివిపెట్టింది. తుంటి ఆపరేషను వచ్చే నెల పదో తారీకున. వస్తానని ఇవాళ సాయంత్రంలోగా జవాబు రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

“మూడేళ్ళుగా చూస్తున్నా దీని కోసం” అంది ముసలావిడ. జవాబు కాగితం మీద నిదానంగా పేరు రాసింది.

“ఆయన ఎందుకాగేవారో మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదమ్మా.”

“నేనే చెప్పొద్దన్నాను. చెబితే నా ఇల్లు మీ జాబితాలో వేస్తారట కదా, మీరే వచ్చి తీసుకోండి అని. మంచం మీంచి గుమ్మం దాకా రావడానికే నాకింత సేపు. ఈ పధ్నాలుగు మెట్లు దిగడమంటే ఇక చెప్పక్కర్లేదు. ఎవరడిగినా చెప్పనని మాటిచ్చాడు.”

సూపర్‌వైజరమ్మ గుండెలో ఉన్నది అలాగే పైకి వచ్చేసింది. “ఆయన్ని అడిగింది నేనేనమ్మా. స్టాప్‌వాచి పట్టుకుని కింద నిలబడ్డది నేనే. పదకొండు నిమిషాలు ఖాళీగా ఉన్నాడని రాశాను. అందుకే ఆయన్ని తీసేశారు.”

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

“అయితే నాకెంతసేపు పడుతుందో నీకు తెలుసన్నమాట” అంది. అని, తలుపు వెయ్యడానికి ఊతాన్ని మెల్లగా వెనక్కి తిప్పుకుంది.

జవాబు కాగితాన్ని సూపర్‌వైజరమ్మ తన చేత్తోనే ముద్ర వేసి పన్నెండింటికి ఆసుపత్రి వైపు వెళ్ళే సంచిలో వేసింది.

మధ్యాహ్నం కొలతలాయన పిలిచాడు. బల్ల మీద ఒకపక్క ఆమె వాడిన యంత్రం, ఇంకోపక్క ఆమె గీసిన కాగితం, గడులతో సహా. కూర్చోమన్నాడు. నిజంగానే ఇబ్బంది పడుతున్నట్టున్నాడు.

“మేడమ్, మెట్ల వీధిలో పదకొండు నిమిషాలు కదలిక లేదు. కారణం కూడా నొక్కలేదు. ఏమైంది?”

ఆమె తను గీసిన గడుల వంక చూసింది.

“నడవలేనివాళ్ళ ఇల్లా? అయితే ఆ మాట అనండి చాలు. ఆ ఇంటిని కౌంటరు జాబితాలో వేసేస్తా, మీ మీద మాట రాదు. ఉంచేదెవర్నో, తీసేదెవర్నో ఈ వారంలోనే పేర్లు పంపాలి. మీ విషయంలో నాకు ఏ ఇబ్బందీ రాకూడదని చూస్తున్నా.”

మంచిమాటే చెబుతున్నాడు. జేబులో చెయ్యి పెడితే పురికొస తగిలింది. నర్సు చదువుతున్న కూతురు గుర్తొచ్చింది. నడుం పట్టుకుని మంచం మీంచి లేచే భర్త గుర్తొచ్చాడు. వేళ్ళు జేబులో వాటి పాటికి అవి కదులుతున్నాయి. దారం చుట్టు తిరిగింది, చివర బొటనవేలు పట్టేంత ఉచ్చు మిగిలింది. లాగి చూసింది. జారలేదు.

“ఎందుకాగారు మేడమ్?”

“ఊరికే” అంది.

“ఊరికేనా? అలాగే రాసుకోనా?”

“రాసుకోండి.”

ఖాళీ సమయం గడి దగ్గర ఆయన పెన్ను కాసేపు ఆగింది. మూడోసారి అడుగుతాడేమోనని ఆమె ఆయన మొహం వంకే చూసింది. ఆయన అడగలేదు. పదకొండు అని రాసుకున్నాడు.